రైలా, అద్దె కారా? యూరప్‌లో కుటుంబంతో నాలుగు దేశాలు తిరిగేటప్పుడు ఎలా తేల్చుకోవాలి

యూరప్‌లో మూడు నాలుగు దేశాలు కుటుంబంతో చూసి రావాలని విమానం టికెట్లు తీసుకున్న మర్నాడే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలున్నారు కాబట్టి కారు అద్దెకు తీసుకోవడమే సుఖం అని ఒకరంటారు. తెలియని రోడ్ల మీద ఆ టెన్షన్ ఎందుకు, హాయిగా రైలెక్కి కూర్చుందాం అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఆ చర్చ ఎన్ని రోజులైనా తెగదు.

నేను మా కుటుంబంతో రెండు రకాలుగానూ తిరిగాను. మొత్తం ప్రయాణానికి కలిపి ఈ ప్రశ్న వేసుకోకూడదని నాకు అప్పుడే అర్థమైంది. ఒక బస నుంచి ఇంకో బసకి వెళ్లే ఒక్కో అంచెకీ విడిగా వేసుకోవాలి. అలా వేసుకుంటే చాలా అంచెలకి జవాబు వెంటనే దొరుకుతుంది, మిగిలిన ఒకటి రెండింటికే లెక్క కట్టాల్సి వస్తుంది.

మొదట అంచెలు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని రాత్రి బస చేసే ఊళ్లు మాత్రమే వరుసగా రాయండి. ఉదాహరణకి: పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లుసెర్న్‌లో మూడు, ఇటలీలో టస్కనీ పల్లెల్లో నాలుగు, వెనిస్‌లో రెండు, చివరికి వియన్నాలో మూడు. పదహారు రాత్రులు, నాలుగు దేశాలు, మధ్యలో నాలుగు అంచెలు. ప్రయాణించేది ఇద్దరు పెద్దలు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, డెబ్బై దాటిన నాయనమ్మ అనుకుందాం. చివరిదాకా ఈ కుటుంబాన్నే దృష్టిలో పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఒక్కో ఊరి పేరు ఎదురుగా ఒకే ప్రశ్న రాయండి: అక్కడ ఉన్నన్ని రోజులూ కారుతో నాకు పనేమిటి?

పారిస్‌లో, వియన్నాలో కారు ఉన్నా పార్కింగ్‌కి డబ్బు కట్టి నిలబెట్టడమే తప్ప ఏమీ ఉండదు. రెండు ఊళ్లలోనూ మెట్రో దాదాపు అన్ని చోట్లకీ వెళుతుంది. వెనిస్‌లోకి అసలు కారు పోదు. పియాజాలే రోమా దగ్గర రోడ్డు ఆగిపోతుంది, అక్కడి నుంచి నడకైనా పడవైనా. లుసెర్న్‌లో సరస్సు పడవలు రైల్వే స్టేషన్ ఎదురుగానే బయలుదేరతాయి. టస్కనీ సంగతి వేరు. ద్రాక్షతోటల మధ్య ఏ ఫామ్‌హౌస్‌లోనో దిగితే బస్సు వేళలు మనకి కుదరవు, పాలు కావాలన్నా కారు తీయాల్సిందే.

అంటే పదహారు రాత్రుల్లో కారు నిజంగా పనికొచ్చేవి నాలుగు. ధరలు చూడకముందే సగం విషయం తేలిపోయింది.

ఈ ప్రశ్నకి 'కారు కావాలి' అని జవాబొచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి: ఇటలీలో డోలమైట్స్ కొండలు, ఫ్రాన్స్‌లో ప్రోవాన్స్, నార్మండీ, జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ పల్లెలు, స్కాట్లాండ్ హైలాండ్స్. ఇక ఐస్‌లాండ్‌లో ప్రయాణికుల రైళ్లే లేవు. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్‌కి రైలు మార్గం లేదు. అలాంటి చోట్ల కారా, బస్సా అన్నదే ప్రశ్న.

గంటలు లెక్కపెట్టండి, కానీ గుమ్మం నుంచి గుమ్మానికి

మ్యాప్ చూపించే డ్రైవింగ్ సమయం ఎక్కడా ఆగకుండా నడిపేవాళ్లది. పిల్లలతో రెండు గంటలకోసారి ఆగాలి. పెట్రోలు, తిండి, బాత్‌రూము, ఊళ్లోకి వచ్చాక పార్కింగ్ వెతుకులాట ఉంటాయి. నేనైతే మ్యాప్ చెప్పినదానికి మూడో వంతు కలుపుతాను. ఆరు గంటలంటే నా లెక్కలో ఎనిమిది. ఆ ఎనిమిది గంటలూ నడిపేవాళ్లకి కిటికీలోంచి చూసే భాగ్యం ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి. సెలవు వాళ్లది కూడా.

రైలుకి హోటల్ నుంచి స్టేషన్‌కి వెళ్లే సమయం, అరగంట ముందు చేరే సమయం, దిగాక మళ్లీ హోటల్‌కి చేరే సమయం కలపండి. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి నేరుగా వెళ్లే టీజీవీకి (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) మూడు గంటల పైచిలుకు, అక్కడ మారితే లుసెర్న్ ఒక గంట. అన్నీ కలిపినా ఆరు గంటల్లో గదికి చేరతారు. రోడ్డు మీద అది 600 కిలోమీటర్లకి పైనే, పిల్లలతో దాదాపు పూర్తి రోజు.

ఆల్ప్స్ దాటే అంచెలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గొట్‌హార్డ్ రోడ్డు సొరంగం సుమారు 17 కిలోమీటర్లు, ఒక్కో వైపుకి ఒక్క లేన్ మాత్రమే. ఈస్టరప్పుడు, వేసవి శనివారాల్లో దాని ముందు కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిపోతాయి. అదే కొండ అడుగున 2016లో తెరిచిన రైలు సొరంగం 57 కిలోమీటర్లు, రైలు దాన్ని ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. లుసెర్న్ నుంచి మిలాన్ మూడున్నర గంటల లోపే, అక్కడి నుంచి ఫ్లోరెన్స్ హైస్పీడ్ రైల్లో రెండు గంటలు.

లండన్ మీ దారిలో ఉంటే ఒక తేడా ఉంది. లండన్‌కి వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కే ముందు పాస్‌పోర్టు తనిఖీ, సామాను స్కానింగ్ ఉంటాయి. విమానానికి వెళ్లినట్టే కనీసం గంటా గంటన్నర ముందు చేరాలి. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో బ్రిటన్ లేదు కాబట్టి వీసా కూడా వేరు. స్పెయిన్‌లో హైస్పీడ్ రైళ్లకీ సామాను స్కాన్ చేస్తారు కానీ అది అంతసేపు పట్టదు.

రాత్రి రైలు గురించి కూడా ఆలోచించండి. వెనిస్ నుంచి వియన్నాకి ఆస్ట్రియా రైల్వే వాళ్ల నైట్‌జెట్ ఉంది. బెర్తుల గది మొత్తాన్ని ఒకే కుటుంబం తీసుకోవచ్చు. హోటల్ ఒక రాత్రి మిగులుతుంది, పిల్లలకి అది జీవితాంతం గుర్తుండే రాత్రి. కానీ ఆ గదులు చాలా ముందే అయిపోతాయి. పైగా మూడేళ్ల లోపు పిల్లలుంటే నేనైతే పగటి రైలే ఎంచుకుంటాను. వాళ్లు నిద్రపోకపోతే మర్నాడు ఇంటిల్లిపాదీ నీరసపడిపోతారు.

మనుషులనీ పెట్టెలనీ లెక్కపెట్టండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. మామూలు చిన్న కారు డిక్కీలో పెద్ద సూట్‌కేసులు రెండు పడితే గొప్ప. ఐదుగురున్నారు కదా అని ఏడు సీట్ల బండి తీసుకుంటే చాలదా అంటే, ఏడు సీట్లూ నిండితే వెనక డిక్కీ అనేదే దాదాపు ఉండదు. మేము ఒకసారి ఆరుగురం అలాంటి బండి తీసుకున్నాం. రెండు బ్యాగులు కాళ్ల దగ్గర, ఒకటి ఒళ్లో పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాం. మా అమ్మకి దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. బుక్ చేసే ముందు ఆ మోడల్ డిక్కీ అన్ని సీట్లూ వాడినప్పుడు ఎంత ఉంటుందో చూడండి. మీరు బుక్ చేసేది ఒక తరగతి కారునే తప్ప ఆ మోడల్‌నే కాదని, దానికి సమానమైన ఇంకోటి ఇవ్వొచ్చని కూడా గమనించండి.

రైల్లో సామాను బరువుకి పెద్దగా పట్టింపులు లేవు, కానీ మోసేది మీరే. పెద్దవాళ్లకి ఒక్కో సూట్‌కేసు, పిల్లల వీపుకి చిన్న బ్యాగు. అంతకు మించితే ప్లాట్‌ఫాం మారేటప్పుడు ఇబ్బందే. టైంటేబుల్ సైట్లు ఎనిమిది నిమిషాల్లో రైలు మారమని తేలిగ్గా చెప్పేస్తాయి. నాయనమ్మతో, స్ట్రోలర్‌తో అది కుదరదు. జర్మన్ రైల్వే సైటులో రైలు మారడానికి కనీసం ఎంత సమయం కావాలో మనమే పెట్టుకోవచ్చు. ముప్ఫై నిమిషాలు పెట్టి వెతకండి. లేదా కాస్త ఆలస్యంగా చేరినా మారనక్కరలేని రైలు తీసుకోండి.

పెద్దవాళ్లకి నడక కష్టమైతే స్టేషన్‌లో సాయం అడగొచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఆ సాయం ఉచితం, మామూలుగా 24 గంటల ముందు చెప్పాలి. దీన్ని అడగడానికి మొహమాటపడకండి. కొండ మలుపుల్లో కార్లో వాంతులయ్యే పిల్లలుంటే ఆ ఒక్క కారణం చాలు రైలు ఎంచుకోవడానికి. జర్మనీ ఐసీఈ రైళ్లలో చిన్నపిల్లలున్న కుటుంబాలకి ప్రత్యేక చోటు ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో రెండంతస్తుల ఇంటర్‌సిటీ రైళ్లలో పిల్లలు ఆడుకునే బోగీ ఉంటుంది.

కారు అసలు ఖర్చు

సైటులో పెద్ద అక్షరాలతో కనిపించే రోజువారీ అద్దె మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. మిగతావి ఒక్కొక్కటిగా కలపండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది: కారు తీసుకున్న దేశంలోనే తిరిగిస్తారా? ఒకే దేశంలో వేరే ఊళ్లో ఇస్తే అదనపు రుసుము తక్కువగా ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు కూడా. పారిస్‌లో తీసుకుని వియన్నాలో ఇస్తానంటే మాత్రం ఆ బండిని మళ్లీ ఫ్రాన్స్‌కి చేర్చే ఖర్చు మీదే. అది వందల యూరోల్లో ఉంటుంది. కొన్నిసార్లు వారం అద్దెని మించిపోతుంది. ఎక్కువ దేశాల ప్రయాణాల్లో కారు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. రైలుకి సరిహద్దు ఒక స్టేషన్ లాంటిదే, అద్దె కారుకి అది ఒక బిల్లు.

తరవాత రోడ్డు పన్నులు. ఇవి దేశానికో తీరు. ఫ్రాన్స్, ఇటలీ హైవేల మీద ఎక్కువ చోట్ల వెళ్లినంత దూరానికి టోల్. స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కాలంటే విన్యెట్ (హైవే వాడుకునే అనుమతి) కొనాలి. ఒక్క రోజుకైనా, ఏడాదంతా అయినా ఒకటే ధర, 40 ఫ్రాంకులు. ఆస్ట్రియాలో ఒక రోజుకి, పది రోజులకి, రెండు నెలలకి, ఏడాదికి వేర్వేరుగా దొరుకుతాయి. అయినా బ్రెన్నర్ కనుమ దాటే హైవేకి ఆ విన్యెట్ చాలదు, విడిగా టోల్ ఉంది. స్లొవేనియా, చెక్, స్లొవేకియా, హంగరీ కూడా విన్యెట్ దేశాలే. జర్మనీలో మామూలు కార్లకి హైవే టోల్ లేదు. స్విట్జర్లాండ్‌లో అద్దెకు తీసుకున్న కారుకి ఆ దేశపు విన్యెట్ ఉంటుంది, ఫ్రాన్స్‌లో తీసుకున్నదానికి ఉంటుందని అనుకోకండి. బాసెల్, జెనీవా విమానాశ్రయాల్లో స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు వేర్వేరు కారు ఆఫీసులుంటాయి. ఏ వైపు బుక్ చేశారో చూసుకుని వెళ్లండి.

పెట్రోలు లెక్క తేలిక. మన ఉదాహరణలో మొత్తం దారి దాదాపు 2,000 కిలోమీటర్లు. పెద్ద బండి 100 కిలోమీటర్లకి 7 లీటర్లు తాగుతుందనుకుంటే 140 లీటర్లు. ఆ వారం ఆ దేశంలో లీటరు ధరతో గుణించండి.

పిల్లల సీట్లకి రోజుకింతని తీసుకుంటారు. ఇది తప్పించుకునేది కాదు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో పన్నెండేళ్లు గానీ 150 సెంటీమీటర్లు గానీ దాటేవరకు పిల్లలకి తగిన సీటు ఉండాలి. ఇటలీలో 150 సెంటీమీటర్లు. ఆస్ట్రియా, స్పెయిన్‌లలో 135. కాబట్టి తొమ్మిదేళ్ల పాపకి కూడా బూస్టర్ (ఎత్తు పెంచే సీటు) కావాల్సి రావొచ్చు. రెండు సీట్లకి రోజుల తరబడి అద్దె కడితే కొత్త సీటు కొన్నంత అవుతుంది. అందుకే మీ సీటునే తెచ్చుకోవడం గురించి ఆలోచించండి.

రెండో డ్రైవరు పేరు చేర్చడానికి, డ్రైవరుకి ఇరవై ఐదేళ్ల లోపయితే దానికి, ఆటోమేటిక్ కారుకి విడిగా డబ్బు. యూరప్‌లో తక్కువ ధరకి కనిపించేవి ఎక్కువగా గేరు బండ్లే. ఎదురుగా వచ్చే బండ్లు అలవాటు లేని వైపు నుంచి వస్తుంటే, గేరు మార్చే చెయ్యి కూడా మారిందంటే మొదటి రెండు రోజులు నిజంగా కష్టం. అక్కడ డబ్బు ఆదా చేయకండి.

ఇన్సూరెన్స్ ఉందని రాసి ఉన్నా ఎక్సెస్ ఎంతో చూడండి. ఆ మొత్తం వరకు దెబ్బ మీ జేబుకే. డిపాజిట్‌గా అంత డబ్బు మీ క్రెడిట్ కార్డు మీద ఆపేస్తారు. కార్డు ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలి. డెబిట్ కార్డు చాలా చోట్ల ఒప్పుకోరు. కార్డు లేదని కౌంటర్ దగ్గర కారు ఇవ్వకపోతే, ముందు కట్టిన డబ్బు కూడా పోవచ్చు.

ఇంకొకటి, ఇటలీ వెళ్లేవాళ్లందరికీ గట్టిగా చెప్పాలనుకునేది: జెడ్‌టీఎల్. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, సియెనా లాంటి పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి ఉన్న బండ్లు మాత్రమే తిరగాలి. గేటు ఉండదు, పోలీసు ఆపడు. ఎర్రటి వలయం ఉన్న బోర్డు, పైన కెమెరా, అంతే. నావిగేషన్ చెప్పిందని ఒకసారి నేను అలాంటి వీధిలోకి వెళ్లి, పొరపాటు గ్రహించి చుట్టూ తిరిగి బయటికి వచ్చాను. రెండు కెమెరాలు, రెండు జరిమానాలు. ముందు కారు కంపెనీ నా వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు రుసుము పట్టుకుంది, నెలల తరవాత అసలు జరిమానాలు ఇంటికి వచ్చాయి. హోటల్ ఆ ప్రాంతంలోనే ఉంటే ముందుగానే రాయండి, చాలా హోటళ్లు మీ బండి నంబరు నమోదు చేయిస్తాయి.

కాగితాలు

మీ లైసెన్సు ఆ దేశంలో చదవగలిగే లిపిలో లేకపోతే, లేదా ఆ దేశం కోరితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది ఒక్కటే చెల్లదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాల్సిందే. బయలుదేరే ముందు మీ దేశంలోనే తీసుకోవాలి.

ఏయే దేశాల్లోకి తీసుకెళతారో కారు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. అనుమతి లేని దేశంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు. యూరోపియన్ యూనియన్ బయటి కొన్ని బాల్కన్ దేశాలకి గ్రీన్ కార్డు అనే ఇన్సూరెన్స్ పత్రం కావాల్సి రావొచ్చు. క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే దారిలో ఒకప్పుడు బోస్నియా సరిహద్దు రెండుసార్లు దాటాల్సి వచ్చేది. 2022లో పెల్యెషాట్స్ వంతెన వచ్చాక ఆ అవసరం పోయింది. చలికాలమైతే వింటర్ టైర్లు అడగండి. ఆల్ప్స్‌లో ఎత్తైన కనుమ దారులు కొన్ని మంచు వల్ల నెలల తరబడి మూసే ఉంటాయి.

రైలు ఖర్చు

రైలుకి రెండు దారులు: ఏ అంచెకి ఆ టికెట్టు ముందుగా కొనడం, లేదా ఒకసారి కొంటే చాలా రైళ్లు ఎక్కనిచ్చే పాస్. పిల్లల వయసే ఇక్కడ పెద్ద మార్పు తెస్తుంది. జర్మన్ రైళ్లలో ఆరేళ్ల లోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు పెద్దవాళ్ల టికెట్టు మీద ఉచితంగా రావొచ్చు, కానీ బుక్ చేసేటప్పుడే వాళ్లని చేర్చాలి. స్విస్ ట్రావెల్ పాస్ కొంటే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు తల్లి గానీ తండ్రి గానీ వెంట ఉంటే ఉచితం, దానికి ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోవాలి.

యూరప్ బయట ఉండేవాళ్లకి యూరైల్ పాస్, అక్కడే ఉండేవాళ్లకి ఇంటర్‌రైల్. గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. నాలుగు నుంచి పదకొండేళ్ల పిల్లలకి, పెద్దవాళ్లు ఒక్కొక్కరికి ఇద్దరి చొప్పున, ఉచిత పాస్ ఇస్తారు. వినడానికి ఇంతకంటే మంచిది లేదనిపిస్తుంది. అయితే టీజీవీ, యూరోస్టార్, ఇటలీ హైస్పీడ్ రైళ్లు, రాత్రి రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి, పిల్లల సీట్లకి కూడా. పైగా పాస్ ఉన్నవాళ్లకి కేటాయించే సీట్లు కొన్ని రైళ్లలో కొద్దిగానే ఉంటాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు, అక్కడ పాస్ హాయిగా పనిచేస్తుంది. మన ఉదాహరణలా పొడుగు అంచెలు నాలుగే ఉంటే ముందుగా కొన్న టికెట్లే చవగ్గా వస్తాయని నా అనుభవం. రోజూ ఎక్కడికో ఒకచోటికి తిరిగేవాళ్లకి పాస్ లాభం.

రైలు మారాల్సిన చోట మొత్తం దూరానికి ఒకే టికెట్టుగా తీసుకోవడానికి ప్రయత్నించండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్టయితే తరవాతి రైల్లో పంపించే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే మళ్లీ మీరే కొనుక్కోవాలి. గమ్యానికి గంట ఆలస్యమైతే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం తిరిగి అడిగే హక్కు యూరోపియన్ నిబంధనల్లో ఉంది. కొన్ని మినహాయింపులు ఉన్నా అడగడం మాత్రం మానకండి. ఇటలీలో ప్రాంతీయ రైళ్లకి కాగితం టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి మిషన్‌లో ముద్ర వేయించండి, లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా పడుతుంది.

రెండూ కలిపి, వరుసగా బుక్ చేయండి

ఇప్పుడు కాగితం మళ్లీ చూడండి. పారిస్ నుంచి లుసెర్న్ రైలు. లుసెర్న్ నుంచి ఫ్లోరెన్స్ రైలు. అక్కడ కారు తీసుకుని నాలుగు రోజులు టస్కనీ, మళ్లీ ఫ్లోరెన్స్‌లోనే తిరిగివ్వడం. అక్కడి నుంచి వెనిస్‌కి రెండుంపావు గంటల రైలు, ఆపైన వియన్నాకి రాత్రి రైలో పగటి రైలో. దేశం దాటని కారు కాబట్టి సరిహద్దు రుసుమూ లేదు, విన్యెట్టూ లేదు.

ముందు రాత్రి రైలు, యూరోస్టార్ లాంటి సీట్లు తక్కువుండేవి బుక్ చేయండి. తరవాత మిగతా హైస్పీడ్ రైళ్లు. చాలా రైళ్లకి టికెట్లు మూడు నుంచి ఆరు నెలల ముందు తెరుస్తారు, అందరికంటే ముందు కొన్నవాళ్లకి తక్కువ ధర. ఆ తేదీలు ఖాయమయ్యాక ఉచితంగా రద్దు చేసుకోగలిగే కారు బుకింగ్ తీసుకోండి. ప్రాంతీయ రైళ్లకి ఆ రోజు కొన్నా అదే ధర కాబట్టి తొందరపడక్కర్లేదు.

కారు ఎక్కడ తీసుకోవాలన్నది చివరి నిర్ణయం. ఊరి మధ్య ఆఫీసు దగ్గరగా ఉంటుంది కానీ ఆదివారం, మధ్యాహ్నం మూసేయొచ్చు, జెడ్‌టీఎల్ కూడా పక్కనే ఉంటుంది. ఫ్లోరెన్స్‌లో నేనైతే స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కి ఇరవై నిమిషాల్లో విమానాశ్రయానికి వెళ్లి అక్కడే తీసుకుంటాను, హైవే దగ్గర.

కారు చేతికి రాగానే నాలుగు వైపులా, చక్రాలు, అద్దాలు, పైకప్పు వీడియో తీయండి. గీతలన్నీ కాగితంలో రాయించండి. అద్దె 24 గంటల లెక్క కాబట్టి ఉదయం పదికి తీసుకుంటే పదికే ఇవ్వాలి, గంట ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె పడొచ్చు. ట్యాంకు నింపి ఇవ్వాలన్న ఒప్పందమైతే దగ్గర్లోని బంకులోనే నింపి రసీదు దాచుకోండి. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ వీడియో, వీలైతే ఉద్యోగి సంతకం. ఆ వీడియోలనీ రసీదునీ ఇంటికొచ్చాక కనీసం ఏడాది చెరిపేయకండి. జరిమానాలు గానీ డిక్కీ మీద గీత పడిందన్న బిల్లు గానీ కార్డు మీదికి ఎప్పుడొస్తాయో చెప్పలేం.